ఇంటి కంప్యూటర్‌కి ఏ కాపలా చాలు? దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు

మొన్న వేసవిలో ఒకరోజు పొద్దున్నే ఉండి అనే ఊరి నుంచి మా పెద్దనాన్న ఫోన్ చేశారు. "అమ్మాయ్, కంప్యూటర్‌లో ఐదు వైరస్‌లు ఉన్నాయంట. కింద మూల నుంచి ఎర్రగా వస్తోంది. ఇప్పుడే డబ్బు కట్టి బాగుచేయించుకోకపోతే బ్యాంకు వివరాలన్నీ పోతాయంటోంది. కార్డు నెంబరు కొట్టెయ్యమంటావా?"

గొంతులో కంగారు తెలిసిపోతోంది. ఆయన ఆ కంప్యూటర్‌లో చేసే పనులు మూడు. రొయ్యల రేట్లు చూసుకుంటారు, చెరువు లెక్కలు ఎక్సెల్‌లో రాసుకుంటారు, అమెరికాలో ఉన్న మనవరాలితో వీడియోలో మాట్లాడతారు. "ఏమీ కొట్టకండి పెద్దనాన్నా, నేను వస్తున్నాను" అని చెప్పి పాలకొల్లులో బస్సెక్కాను.

వెళ్ళి చూస్తే అది వైరసే కాదు. ఏదో రేట్ల పేజీ తెరిచినప్పుడు "మీరు రోబో కాదని చూపించడానికి అలౌ నొక్కండి" అని వచ్చింది. ఆయన నొక్కారు. దాంతో ఆ సైటుకి నోటిఫికేషన్లు పంపుకునే అనుమతి దొరికింది. ఇక గంటకోసారి ఎర్ర బొమ్మ, గంట మోత, భయపెట్టే రాత. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్‌లోకి వెళ్ళి ఆ సైటు పేరు తీసేశాను. రెండు నిమిషాల పని.

నిజంగా భయపడాల్సింది తర్వాత కనిపించింది. విండోస్ సెక్యూరిటీ తెరిచాను. పచ్చ టిక్కు నిండుగా ఉంది, అంతా క్షేమమేనంటోంది. ఎందుకో అనుమానం వచ్చి వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్‌లో కిందికంటా వెళ్ళి ఎక్స్‌క్లూజన్స్, అంటే వెతక్కుండా వదిలెయ్యాల్సినవాటి జాబితా, తెరిచాను. ఒకే ఒక వరుస ఉంది: సి డ్రైవ్, మొత్తం. వీధి గుమ్మంలో కాపలా మనిషిని కూర్చోబెట్టి, ఇంట్లోకి ఎవరొచ్చినా చూడొద్దని చెప్పినట్టన్నమాట. కంప్యూటర్ అమ్మిన షాపువాళ్ళు లైసెన్స్ లేని విండోస్ వేశారు. దాన్ని యాక్టివేట్ చేసే దొంగ ప్రోగ్రామ్‌ని విండోస్‌తోనే వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్ పట్టుకుంటోందని, డిఫెండర్ కళ్ళకే గంత కట్టారు. మూడేళ్ళుగా అలాగే నడుస్తోంది.

నేను ఇంట్లో కూర్చుని చెరువుల వాళ్ళకి, చిన్న వ్యాపారులకి లెక్కలు రాసి పెడుతుంటాను. అందుకని "ఏ యాంటీవైరస్ కొనమంటారు?" అని చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్నకి నా జవాబు ఎప్పుడూ నాలుగో మాటగా వస్తుంది. దానికి ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. అవి సరిగ్గా ఉంటే చాలా ఇళ్ళకి కొనే అవసరమే రాదు. అవి సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైనది కొన్నా పెద్దనాన్న గారి పచ్చ టిక్కు లాంటిదే.

ముందు విండోస్ సంగతి

మీ కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 11 అయితే, లైసెన్స్ సరైనదైతే, అప్‌డేట్లు పడుతుంటే ఈ భాగం వదిలేసి ముందుకెళ్ళండి. నా బాధంతా మిగతావాళ్ళ గురించే.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 7కి 2020 జనవరిలోనే అయిపోయింది. మద్దతు అయిపోయాక కంప్యూటర్ ఆగిపోదు, రోజూ లాగే పనిచేస్తుంది. అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ కొత్తగా బయటపడిన కన్నాన్ని పూడ్చేవాళ్ళు ఇక ఉండరు. 2017 మేలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వనాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. రెండు నెలల ముందే మందు చేతిలో ఉంది, వేసుకోనివాళ్ళకి జబ్బు వచ్చింది.

విండోస్ 10 మీద ఉన్నవాళ్ళకి దారులు ఇవీ. కంప్యూటర్ విండోస్ 11కి పనికొస్తుందేమో చూడాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ళ పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉచితం, ఒక్క నొక్కుతో చెబుతుంది. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ గానీ ఆ తర్వాతది గానీ ఉండాలి, టీపీఎం 2.0 అనే చిప్ ఉండాలి. కొన్నింటిలో చిప్ ఉండి కూడా బయోస్‌లో, అంటే విండోస్ లేవకముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో, ఆపేసి ఉంటుంది, తెలిసినవాళ్ళ చేత ఆన్ చేయించుకుంటే సరిపోతుంది. పనికొస్తే మారిపోవడమే, ఖర్చు లేదు.

పనికిరాకపోతే, ఇళ్ళలో వాడేవాళ్ళ కోసం విండోస్ 10కి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించే పథకం పెట్టారు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరవచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. ఇది కాస్త ఊపిరి తీసుకోవడానికి మాత్రమే. అది గడిచాక మళ్ళీ ఇదే ప్రశ్న. విండోస్ 10లో డిఫెండర్‌కి వైరస్ గుర్తులు 2028 దాకా వస్తుంటాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది కదా, చాలదా అని ఒకాయన అడిగారు. చాలదండీ. కొత్త దొంగల ఫోటోలు కాపలావాడికి అందుతుంటాయి గానీ, విరిగిన గడియ అలాగే ఉంటుంది.

మూడో దారి, విండోస్ తీసేసి దాని బదులు వేసుకునే లినక్స్ మింట్. ఉచితం. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్ మీద కూడా బాగానే నడుస్తుంది, తెలుగు చదవడానికి, రాయడానికి ఇబ్బంది లేదు. విండోస్ కోసం తయారు చేసిన వైరస్ ఫైల్ దాని మీద మామూలుగా నడవదు. ఇంట్లో కంప్యూటర్ అంటే యూట్యూబ్, జీమెయిల్, వార్తలు, వీడియో కాల్ మాత్రమే అయితే, ముఖ్యంగా పెద్దవాళ్ళు ఒక్కరే వాడుకునేదైతే, నేను గట్టిగా దీన్నే చెబుతాను. టాలీ కావాలన్నా, తెలుగు డీటీపీకి అను స్క్రిప్ట్ మేనేజర్ కావాలన్నా మాత్రం దీని జోలికి పోవద్దు. అవి విండోస్ కోసం రాసినవి. ఇంకో సంగతి, నకిలీ బ్యాంకు పేజీలో పాస్‌వర్డ్ కొడితే లినక్స్ అయినా ఒకటే, విండోస్ అయినా ఒకటే.

విండోస్ 7 మీద ఇంకా నెట్ చూస్తున్నవాళ్ళకి ఎంపిక ఏమీ లేదు. క్రోమ్ 2023 ఫిబ్రవరి నుంచి కొత్త వెర్షన్లు దానికి ఇవ్వడం లేదు. లినక్స్ అయినా వెయ్యండి, లేదా నెట్ తీగ పీకేసి ఉత్త టైపింగ్‌కి వాడుకోండి.

దొంగ విండోస్ మాట కూడా ఇక్కడే చెప్పాలి. కాస్త డబ్బు మిగులుతుందని షాపులో అడిగితే ఇంట్లోవాళ్ళు సరేనంటారు. తప్పు వాళ్ళది కాదు, అందులో ఏముందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. మీ కంప్యూటర్ కూడా అలా వచ్చిందేమోనని అనుమానం ఉంటే ఈ రోజే ఎక్స్‌క్లూజన్స్ తెరిచి చూడండి. మీరు పెట్టని పేరు ఏదైనా ఉంటే తీసేసి ఫుల్ స్కాన్ పెట్టండి. మా పెద్దనాన్న గారి దాంట్లో రాత్రి పడుకునేముందు పెడితే పొద్దుటికి తేలింది, పట్టుబడ్డవి పదకొండు. అప్పటికీ నాకు నమ్మకం కుదరక మొత్తం తుడిచేసి కొత్తగా వేయించాం.

బ్రౌజర్, దాని మీద ఒక జల్లెడ

వైరస్ ఇంట్లోకి వచ్చే వీధి గుమ్మం ఇవాళ బ్రౌజరే. క్రోమా, ఎడ్జా, ఫైర్‌ఫాక్సా అని గంటలు వాదించుకోవచ్చు గానీ, మూడింటిలోనూ ప్రమాదకరమైన సైట్ల మీద ఎర్ర హెచ్చరిక వచ్చే ఏర్పాటు ఉంది. ఎడ్జ్‌లో దాన్ని స్మార్ట్‌స్క్రీన్ అంటారు, క్రోమ్‌లో సేఫ్ బ్రౌజింగ్. క్రోమ్ వాడేవాళ్ళు సేఫ్ బ్రౌజింగ్‌ని ఎన్‌హాన్స్‌డ్‌కి మార్చుకుంటే కాపలా ఇంకాస్త గట్టిపడుతుంది. బదులుగా మీరు తెరిచే పేజీల సంగతి గూగుల్‌కి ఎక్కువ తెలుస్తుంది. పెద్దవాళ్ళ కంప్యూటర్‌లో నేను మారుస్తాను, నా దాంట్లో మార్చుకోలేదు.

అసలు తేడా వచ్చేది ప్రకటనల్ని ఆపే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) దగ్గర. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మీరు అడంగల్ కోసమో, 1బి కోసమో వెతుకుతారు. పైన రెండు మూడు ప్రకటనలు వస్తాయి. అవి మీభూమి కావు, ఆ పేరు కలిసేలా పెట్టుకున్న సైట్లు. ప్రభుత్వ సైటు చిరునామా చివర డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది, వీటికి ఉండదు. లోపలికి వెళితే పచ్చగా, పెద్దగా మూడు డౌన్‌లోడ్ బటన్లు. పీడీఎఫ్ అనుకుని నొక్కితే దిగేది పీడీఎఫ్ కాదు, ఈఎక్స్‌ఈ, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రామ్. పైగా విండోస్ ఫైల్ పేరు చివరి తోకని దాచి చూపిస్తుంది. అందుకని "అడంగల్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ" అన్నది మన కంటికి "అడంగల్ డాట్ పీడీఎఫ్" లాగే కనబడుతుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కిందకి వెళ్ళి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నది టిక్ చేసుకోండి, ఆ తోక బయటపడుతుంది. కంప్యూటర్ ఎవరిదైనా నేను ముట్టుకోగానే చేసే మొదటి పని ఇదే.

ఆ ప్రకటనలు, ఆ పచ్చ బటన్లు అసలు కంట పడకపోతే? యూబ్లాక్ ఆరిజిన్ చేసే పని అదే. ఉచితం. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తి బలంతో పనిచేస్తుంది. క్రోమ్ నియమాలు మార్చడంతో అక్కడ పాతది ఆగిపోయింది, యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అనే తేలికపాటిది దొరుకుతుంది. అదీ చాలావరకు ఆపుతుంది. బ్రేవ్ బ్రౌజర్‌లో ఈ జల్లెడ పుట్టుకతోనే ఉంది. ఈ మూడింటిలో నా ఓటు ఫైర్‌ఫాక్స్‌కి. కొన్ని బ్యాంకు, ప్రభుత్వ సైట్లు దాంట్లో మొరాయిస్తే అప్పటికి మాత్రం ఎడ్జ్ తెరుస్తాను. జల్లెడ పేరుతో కూడా నకిలీలు ఉన్నాయి. అక్షరం అక్షరం చూసుకుని పెట్టుకోండి. మిగతా ఎక్స్‌టెన్షన్లు ఎంత తక్కువైతే అంత మంచిది, కూపన్లు వెతికేవి, వీడియోలు దించేవి అసలే వద్దు. మీరు చూసే ప్రతి పేజీనీ చదివే అధికారం వాటికి ఇస్తున్నాం.

రౌటర్‌లో డీఎన్‌ఎస్, అంటే సైటు పేరు చెబితే దాని అంకెల చిరునామా వెతికిపెట్టే సేవ, మార్చడం ఇంకో ఉచిత కాపలా. క్వాడ్9 వాళ్ళది 9.9.9.9, రెండోది 149.112.112.112. క్లౌడ్‌ఫ్లేర్‌ది వైరస్ సైట్లని ఆపే రకం 1.1.1.2. రౌటర్‌లో పెడితే ఆ వైఫై మీద ఉన్న ఫోన్లకి, టీవీకి కూడా వర్తిస్తుంది. కేబుల్ ఆపరేటర్ రౌటర్‌కి తాళం వేసి ఉంచితే విండోస్‌లోనే పెట్టుకోవచ్చు.

డిఫెండరా, కొన్నదా?

ఇప్పుడు నాలుగో మాట. విండోస్ 10, 11తో వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఒకప్పుడు నామకార్థం. ఇప్పుడు కాదు. ఏవీ-టెస్ట్ లాంటి స్వతంత్ర పరీక్షల్లో డబ్బిచ్చి కొనేవాటి పక్కన నిలబడుతోంది. బరువు తక్కువ, రెన్యువల్ గొడవ లేదు, "ఇంకో మూడు రోజుల్లో గడువు" అని టెన్షన్ పెట్టదు. పైన చెప్పిన విండోస్, బ్రౌజర్, జల్లెడ సరిగ్గా ఉన్న ఇంటికి డిఫెండర్ చాలు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ అయ్యాక పిల్లలకి కొత్త లాప్‌టాప్ కొంటారు కదా, దానికీ ఇంతే. షాపులో యాంటీవైరస్ కలిపి బిల్లు వేస్తామంటే వద్దనండి. లాప్‌టాప్‌తో ట్రయల్ వచ్చిందేమో కూడా చూసుకోండి. అది ఉన్నన్నాళ్ళు డిఫెండర్ పక్కకి తప్పుకుంటుంది. ట్రయల్ గడువు అయిపోయాక దాన్ని తీసేయకుండా వదిలేస్తే ఎవరు కాపలా కాస్తున్నారో తెలియని స్థితి వస్తుంది. తీసేస్తే డిఫెండర్ మళ్ళీ తనే లేచి కూర్చుంటుంది. రెండు యాంటీవైరస్‌లు కలిపి పెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఒకదాన్నొకటి అనుమానిస్తూ కంప్యూటర్‌ని కదలనివ్వవు.

మరి ఎవరు కొనాలి? నా లెక్కలో ఇద్దరు. ఇంట్లోనే డీటీపీ, జెరాక్స్ పెట్టుకుని రోజుకి ఇరవై మంది పెన్‌డ్రైవ్‌లు గుచ్చే చోట ఒకరు. ఏదైనా జరిగితే ఫోన్ చేసి తెలుగులో మాట్లాడటానికి ఒక మనిషి కావాలనుకునేవాళ్ళు రెండోవారు. పుణె వాళ్ళ క్విక్ హీల్, చెన్నై వాళ్ళ కే7 మన దేశంవే. భీమవరం, అమలాపురం లాంటి ఊళ్ళలో అమ్మేవాళ్ళు ఉంటారు, ఆ మనిషి దగ్గర్లో ఉండటమే మీరు డబ్బిచ్చి కొనుక్కునేది. కొనేటప్పుడు రెండో ఏడాది రేటు అడగండి. మొదటి ఏడాది తగ్గించి, ఆటో రెన్యువల్‌లో పూర్తి రేటు లాగడం ఈ వ్యాపారంలో మామూలే.

ఉచితంగా దొరికే వేరే యాంటీవైరస్‌ల మీద నాకు ఆసక్తి లేదు. అవాస్ట్ తన వినియోగదారులు ఏ సైట్లు చూస్తున్నారన్న సమాచారాన్ని అమ్ముకుందన్న కేసులో, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. డిఫెండర్ చేతిలో ఉండగా ఆ బాధ మనకెందుకు? అనుమానం వచ్చినప్పుడు రెండో అభిప్రాయం కోసం మాల్వేర్‌బైట్స్ ఉచిత రకంతో ఒకసారి స్కాన్ చేసి చూసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైటులో కూడా శుభ్రం చేసే పనిముట్లు ఉచితంగా ఉన్నాయి.

ఏ కాపలా ఆపలేనివి

ఈ మధ్య కొత్త రకం మోసం ఒకటి వచ్చింది. "మీరు రోబో కాదని నిరూపించండి" అంటూ మూడు మెట్లు చూపిస్తుంది. విండోస్ కీతో ఆర్ నొక్కండి, కంట్రోల్ వి నొక్కండి, ఎంటర్ కొట్టండి. ఏమీ టైప్ చెయ్యమనలేదు కదా అని నొక్కేస్తాం. ఆ పేజీ అప్పటికే మన క్లిప్‌బోర్డ్‌లో, అంటే కాపీ చేసింది నిలవుండే చోట, ఒక ఆజ్ఞని పెట్టేసి ఉంటుంది. ఆ మూడు నొక్కులతో మన చేత్తో మనమే దాన్ని నడుపుతాం. యజమాని స్వయంగా తలుపు తీస్తే ఏ యాంటీవైరస్ అయినా తడబడుతుంది. ఇలా దూరేవి చాలావరకు బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లని, మీరు లాగిన్ అయి ఉన్నారని సైటుకి గుర్తుచేసే కుకీలనే చిన్న ఫైళ్ళని ఎత్తుకుపోయే రకం. ఆ కుకీ చేతికి చిక్కితే మీ మెయిల్‌లోకి ఓటీపీ లేకుండానే వెళ్ళగలరు. ఏ వెబ్ పేజీ అయినా విండోస్ కీతో ఆర్ నొక్కమంటే అది మోసం. ఇందులో మినహాయింపు లేదు.

పిల్లల ఆటల దగ్గర కూడా ఇదే కథ. ఆటలో ఉచిత కాయిన్ల కోసం, చీట్ల కోసం దించే ఫైళ్ళు "యాంటీవైరస్ ఆపి వెయ్యండి" అంటాయి. పిల్లవాడు ఆపేస్తాడు. అందుకే పిల్లలకి వేరే అకౌంట్ పెట్టి, దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా కాకుండా స్టాండర్డ్ యూజర్‌గా ఉంచండి. డిఫెండర్‌ని ఆపాలంటే మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. కొత్త సినిమా ఉచితంగా అనే సైట్ల గురించి వేరే చెప్పక్కర్లేదు. అక్కడ పదిసార్లు నొక్కితే తొమ్మిదిసార్లు సినిమా తెరుచుకోదు, ఇంకేదో తెరుచుకుంటుంది.

మిగిలిన డబ్బుతో హార్డ్ డిస్క్

యాంటీవైరస్‌కి పెడదామనుకున్న డబ్బు రెండు మూడేళ్ళది కలిపి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. 1986 ఆగస్టు వరదలో మా అమ్మ ముందుగా అటక ఎక్కించింది బియ్యం కాదు, పట్టాదారు పాసు పుస్తకాలు, మా సర్టిఫికెట్లు ఉన్న ట్రంకు పెట్టె. కంప్యూటర్‌లో ఉన్న పెళ్ళి ఫోటోలకి, చెరువు లెక్కలకి అటక ఈ డిస్కే. ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వైరస్ వచ్చినా, ఆ కాపీ ఉంటే తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. కాపీ అవగానే తీగ పీకేసి బీరువాలో పెట్టాలి. ఎప్పుడూ గుచ్చి ఉంచితే ఆ వైరస్ దానికీ తాళం వేసేస్తుంది. ఉప్పుగాలి ఊళ్ళలో ఉండేవాళ్ళు డిస్క్‌ని గాలి చొరబడని డబ్బాలో పెట్టుకుంటే మంచిది.

పెద్దనాన్న గారికి చివరికి కుదిర్చింది ఇది. లైసెన్స్ ఉన్న విండోస్ 11, డిఫెండర్, యూబ్లాక్ ఆరిజిన్‌తో ఫైర్‌ఫాక్స్, రౌటర్‌లో క్వాడ్9, ఒక హార్డ్ డిస్క్. యాంటీవైరస్ కొనలేదు. లినక్స్ వేద్దామన్నాను గానీ, ఎక్సెల్‌లో చెరువు లెక్కలకి ఆయన చెయ్యి బాగా అలవాటైపోయింది, కదపబుద్ధి కాలేదు.

ఇప్పటికే ఏదో నొక్కేశామని భయపడుతున్నవాళ్ళు ముందు నెట్ ఆపండి. విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్ కింద డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది, అది పెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే వెతుకుతుంది, పావుగంట పడుతుంది. ఆ లోపు మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఫోన్ నుంచి మార్చండి, ఆ కంప్యూటర్ నుంచి కాదు. మెయిల్‌లో అన్ని పరికరాల నుంచి లాగౌట్ అవ్వండి. డబ్బు పోయి ఉంటే తెల్లవారేదాకా ఆగకండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాలోకి జారిపోకముందే ఆపడానికి వాళ్ళకి కావాల్సింది మీరు త్వరగా చెప్పడమే.